ప్రొఖొరోవ్కా ట్యాంకుల యుద్ధము – తీఱని సంశయములు

క్రీ. శ. 1943 జూలై 12వ తేదీ సోమవారమునాఁడు రష్యా దేశమునఁ గుర్స్కు నగరమున కాగ్నేయదిశయందు, ప్రొఖొరోవ్కా యను రైలుస్టేషను చెంత జరిగిన యుద్ధము, లోకమునందలి ట్యాంకుల యుద్ధములలో నెల్లఁ బెద్దదని చిరకాలము ప్రసిద్ధి వహించినది. ఉభయ పక్షములకుఁ జెందిన 1,200 ట్యాంకులు, కొందఱి మతమున 1,500 ట్యాంకులు, ఆ పొలమునఁ దలపడెననియు, జర్మనులు ఆ యొక్క దినమున 350 మొదలు 400 వఱకుఁ గోల్పోయిరనియు, వానిలో 70 ‘టైగరు’ జాతివి యనియు సోవియట్ గ్రంథములు చెప్పుచు వచ్చినవి. ఈ కథకు మూలము, నాఁటి అయిదవ గార్డు ట్యాంకుసేనకు నాయకుఁడైన పావెల్ రొత్మిస్త్రోవ్. ఆయన గ్రంథములు 1960లోను, మరణానంతరము 1984లోను వెలువడినవి. యుద్ధము నడపినవాఁడే యుద్ధకథను వ్రాసెను గావున నితరులు సందేహించుటకు సాహసింపలేదు.

మొదట టైగరుల మాట విచారింపవలెను. ప్రొఖొరోవ్కా యెదుట నిలిచిన జర్మను దళమునందు లైబ్‌స్టాండార్టె, దాస్ రైఖ్, టోటెన్‌కాప్ఫ్ అను మూఁడు డివిజనులు గలవు. మూఁటికిని గలిపి నాఁటి యుదయమునఁ బనిచేయు స్థితిలో నున్న ట్యాంకులు, ఫిరంగి బండ్లు సుమారు 300. అందు టైగరులు పదునైదునకు మించవు. ప్రధానమైన పోరు జరిగిన పొలమునందలి లైబ్‌స్టాండార్టెకు నాలుగే. పాంథరు లనఁబడు క్రొత్త ట్యాంకులు వేఱు దళమున నుండెనే కాని యిచట నొక్కటియు లేదు. ఇఁక డెబ్బది టైగరులు నశించె ననుట గొడ్రాలి కొడుకునకుఁ గర్మ చేయుట వంటిది. అట్లని యది కేవల మసత్యమనియుఁ జెప్ప వలనుపడదు. జర్మనుల నాలుగవ తరగతి ట్యాంకులకు నాఁడు ప్రక్కల నినుపరేకులు కట్టఁబడియుండెను. దూరమునుండి చూచువానికి నవి టైగరులవలెఁ గనఁబడును. భయము కన్నును గొంత పెద్దది చేయును.

నష్టముల లెక్క యిట్లు సులభముగఁ దేలునది కాదు. ఇందు ముఖ్యమైన చిక్కు సంఖ్యయందుఁ గాక పదమునం దున్నది. జర్మను పద్దులలో దెబ్బతిన్న ట్యాంకులు మూఁడు విధములు: కొలఁది దినములలో బాగుపడునవి, చిరకాలము పట్టునవి, ఎన్నఁటికిని బనికిరానివి. ఈ మూఁడవ విధమునే వారు నష్టమని వ్రాసిరి. సోవియట్ సైనికునికో, యెదుట మండినదెల్ల, కదలక నిలిచినదెల్ల నష్టమే. యుద్ధమైన పిదప నించుమించు జూలై 17 వఱకును ఆ పొలము జర్మనుల యధీనమున నుండెను. వారు తమ బండ్లను రాత్రులయందు లాగికొనిపోయి మరమ్మతు చేసికొనిరి. తమ చేఁజిక్కిన సోవియట్ బండ్లను మందుపెట్టి పేల్చివేసిరి. కావున నొకే విధమైన దెబ్బ తిన్న రెండు బండ్లలో నొకటి బ్రదికెను, మఱియొకటి చచ్చెను. ధాతుపాఠమున నశధాతువునకుఁ గానరాకుండుట యని యర్థము చెప్పఁబడినది. ప్రొఖొరోవ్కా పొలమునఁ గానరాని జర్మను ట్యాంకులే బ్రదికినవి, కానవచ్చిన సోవియట్ ట్యాంకులే నశించినవి, ధాత్వర్థము తలక్రిందైనది!

రెండు దేశముల దస్తరములును బండితులకు లభించిన పిదప సెట్టర్లింగ్, ఫ్రాంక్‌సన్ అనువారలు 2000లోను, జర్మను చరిత్రకారుఁడు ఫ్రీజర్ 2007లోను లెక్కలు ప్రకటించిరి. ఆనాఁటి జర్మనుల శాశ్వతనష్టము వ్రేళ్లమీఁద నెంచఁదగినదే యని ఫ్రీజర్ మతము. సోవియట్ సేన తన పద్దులలోనే జూలై 12 మొదలు 16 వఱకు 334 ట్యాంకులు, ఫిరంగి బండ్లు తిరిగిరానివని వ్రాసికొన్నది. 2019లో వీట్లీ యను నాంగ్లేయుఁడు, జర్మను విమానములనుండి తీయఁబడి యమెరికా దస్తరముల కొట్టులోఁ బడియున్న ఛాయాచిత్రములను బరిశీలించి యా మతమునే బలపఱచెను.

ఇంతతో వివాదము తీఱవలసినదే. కాని లైబ్‌స్టాండార్టె యా మాసాంతమున నిటలీకిఁ బంపఁబడినపుడు తన ట్యాంకులను దక్కిన రెండు డివిజనులకు విడిచిపోయెను. ఒక యింటి సొత్తు పొరుగింటి పద్దులోఁ జేరినది. మఱియు జూలైలో దెబ్బతిని మరమ్మతునకుఁ జేరిన బండి, ఆగస్టు 23న ఖార్కోవ్ సోవియట్ల వశమగునాఁటికి బాగుపడక శత్రువుపాలైనచో, దాని నే మాసపు లెక్కలో వ్రాయవలెను? జూలైలో మంచమెక్కి యాగస్టులో మరణించినవాని చావునకు నే దినము కారణము?

రెండవ సంశయము కందకమును గూర్చినది. 252.2 అను గుట్టకు నైరృతిదిశను సోవియట్లు తామే పూర్వము త్రవ్విన ట్యాంకు కందకమొకటి గలదు. వేగముగ వచ్చిన టి-34 ట్యాంకులు కొన్ని యందుఁ గూలెనని జర్మను సైనికులు వ్రాసిరి. తమవారు త్రవ్విన గోయి తమవారికే యెట్లు తెలియకపోయెను? ముందటి దినమున జర్మనులు ఆ గుట్టను, రొత్మిస్త్రోవ్ బయలుదేరఁదలఁచిన తావులను ఆక్రమించుటచే నేర్పాట్లన్నియు నొక్క రాత్రిలో మార్పవలసివచ్చెను. 300 కిలోమీటర్లకుఁ బైఁబడిన దారి నడచివచ్చిన సేనకుఁ బొలమును జూచుకొను వ్యవధి లేకపోయెననుట యుక్తముగఁ దోఁచును. ఆజ్ఞ యొసంగినవాఁడు ఎఱిఁగియుఁ జెప్పలేదా, ఎఱుఁగఁడా యనునది మాత్రము తేలలేదు.

స్టాలిన్ మాలెన్‌కోవ్ నధ్యక్షునిగఁ జేసి విచారణసంఘము నొకదానిఁ బంపెను. రొత్మిస్త్రోవ్ శిక్షనుండి తప్పించుకొని 1962లో ప్రధాన మార్షలు పదవి నందెను. అతఁడే 1943 ఆగస్టు 20న జూకొవునకు వ్రాసిన లేఖలో, జర్మనుల క్రొత్త ట్యాంకుల యెదుట సోవియట్ ట్యాంకులు తమ మేలిమిని గోల్పోయినవని యొప్పుకొనెను. గ్రంథముల రొత్మిస్త్రోవునకును లేఖలోని రొత్మిస్త్రోవునకును బొందిక లేదు. శాసనమునకును గావ్యమునకును విరోధము గలిగినపుడు శాసనమునే గ్రహించుట పరిశోధకుల మర్యాద. ఇచటను ఆ లేఖయే గ్రాహ్యము.

ఇంత నష్టపడియు సోవియట్లే నిలిచిరి, జర్మనులు ముందునకుఁ బోలేదు. జూలై 13న హిట్లరు మాన్‌ష్టైను, క్లూగెలను బిలిపించి దండయాత్రను విడిచెదనని చెప్పెను. 10వ తేదీని మిత్రసేనలు సిసిలీలో దిగుటయే కారణమని కొందఱు, 12వ తేదీని ఒరెలువైపు సోవియట్లు పొడిచిన పోటని కొందఱు చెప్పుదురు. మాన్‌ష్టైను 1955లో వ్రాసిన గ్రంథమున విజయము చేతికందునదియే యన్నాఁడు. ఓడిన సేనాని మాటను గెలిచిన సేనాని మాటకంటె నెక్కువ నమ్మవలసిన పనిలేదు.

1995లో రష్యనులు ఆ పొలమున గంటగోపురము కట్టిరి. 2019లో జర్మను పత్రిక యొకటి, గెలుపే లేనిచోట గోపురమేల, పడఁగొట్టుఁడని వ్రాయఁగా రష్యాలోఁ గోపము రేఁగినది. ఇరువురును ట్యాంకులనే లెక్కించిరి. టి-34లో నలుగురు, టి-70లో నిద్దఱు కూర్చుండి పోరాడుదురు. ఆ 334లో నెందఱు వెలుపలికి రాఁగల్గిరను ప్రశ్నకు, ట్యాంకుల సంఖ్యకు జరిగినంత వాదము నేఁటికిని జరుగలేదు.