ఇగ్నేషియస్ లొయోలా విద్యార్థి జీవితం: మన సంఘ యువతకు ఒక పాఠం

1. ప్రవేశిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవ సేవకు మూలపురుషులు జెసూట్లు (యేసుసభవారు) కారు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లతో ఈ తీరాన ప్రొటెస్టంటు సేవ ఆరంభమైంది. 1870వ దశకం నుండి కెనడా బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి మొదలైన చోట్ల పనిచేశారు. కథోలిక సేవను 1846 నుండి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు చేపట్టారు. కాబట్టి మన విద్యార్థి జెసూట్ల కళాశాలలో చదవాలంటే రైలెక్కక తప్పలేదు. దక్షిణాన మద్రాసు లొయోలా (1925), విజయవాడ ఆంధ్ర లొయోలా (1953) ఉన్నాయి. ఉత్తరాన భువనేశ్వర్‌లో 1987లో నెలకొల్పిన జేవియర్ మేనేజ్‌మెంట్ సంస్థ 2013లో విశ్వవిద్యాలయమై, 2021 నుండి ఎక్స్.ఐ.ఎం. విశ్వవిద్యాలయంగా నడుస్తోంది.

అలా రైలెక్కిన విద్యార్థికి నిజమైన ప్రమాదం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జెసూట్ సభ స్థాపకుని విద్యార్థి జీవితంలోనే జవాబు దొరుకుతుందని మా అభిప్రాయం.

2. మేము చూసినది

1980వ దశకం చివర్లో మేము శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుండి, తెలుగు మాధ్యమంలో చదివి, ఒక జెసూట్ కళాశాలలో చేరాం. బయలుదేరేనాడు మా సంఘ పెద్ద తలమీద చెయ్యి వేసి, "బాబూ, ఫాదర్లు మంచివాళ్లే. నీ బాప్తిస్మం మాత్రం మర్చిపోకు" అన్నారు. మొదటి మూడు నెలలు ఇంగ్లీషు పాఠాలు తలకెక్కలేదు. మాతో చేరిన పక్క ఊరి మిత్రుడు దసరా సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. సెలవుల్లో సంఘంలో మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్ల పూజకు వెళ్తున్నావా?" పాఠాలు అర్థమౌతున్నాయా అని ఎవరూ అడగలేదు.

మా తరగతి ఫాదర్ ఒకరు సాయంత్రాలు మా వంటివారిని కూర్చోబెట్టి, ప్రాథమిక వ్యాకరణం మొదటి పాఠం నుండి చెప్పించారు. అప్పుడు సిగ్గుపడ్డాం. తరువాత ఇగ్నేషియస్ ఆత్మకథ చదివినప్పుడు ఆ పద్ధతి ఎక్కడిదో తెలిసింది.

3. ముప్పై మూడేళ్ల విద్యార్థి

1521లో పాంప్లోనా యుద్ధంలో గాయపడి మారుమనస్సు పొందిన ఇగ్నేషియస్, 1524లో బార్సిలోనాలో పిల్లల మధ్య కూర్చుని లాటిన్ నేర్చుకోసాగాడు. పాఠం పట్టగానే అతనికి భక్తి తలంపులు, ఆత్మీయ ఆనందం పొంగివచ్చేవి. ప్రార్థనలో కూడా రాని ఈ ఆనందం చదువు వేళనే రావడం శోధన అని గుర్తించి, పాఠాలు మానకుండా వింటానని గురువుకు మాట ఇచ్చాడు. చదువుకు బదులు ప్రార్థనను అడ్డుపెట్టుకునే సెమినరీ విద్యార్థులు ఈ సంఘటనను మరువరాదు.

తరువాత అల్కలా, సలమాంకాలలో అతడు తొందరపడి ఎన్నో శాస్త్రాలు పైపైన చదివాడు. బోధ విషయంలో అనుమానింపబడి చెరసాల పాలయ్యాడు. 1528లో పారిస్ చేరాక పునాది లేదని గ్రహించి, మాంటెగ్యూ కళాశాలలో మళ్లీ చిన్నపిల్లలతో లాటిన్ మొదలుపెట్టాడు. అంతకు కొద్దికాలం ముందే జాన్ కాల్విన్ ఆ కళాశాలలోనే చదివాడు. ఒకే ప్రాంగణం నుండి సంస్కరణోద్యమ నాయకుడు, దానిని ఎదిరించిన సభ స్థాపకుడు ఇద్దరూ రావడం గమనార్హం.

పారిస్‌లో అతడు దాచమని ఇచ్చిన డబ్బును తోటి విద్యార్థి ఖర్చుచేశాడు. బిచ్చమెత్తి, ధర్మసత్రంలో తలదాచుకుని, దూరం వల్ల పాఠాలు పోగొట్టుకున్నాడు. తరువాత సెయింట్ బార్బ్ కళాశాలలో పీటర్ ఫేబర్, ఫ్రాన్సిస్ జేవియర్ అతనికి గదిమిత్రులయ్యారు. చదువులో వెనుకబడిన అతనికి ఫేబర్ పాఠాలు చెప్పాడు. 1534 ఆగస్టు 15న మాంట్‌మార్ట్‌లో ఏడుగురు కలిసి చేసిన ప్రతిజ్ఞే 1540లో ఆమోదం పొందిన సభకు బీజం.

4. అనుభవం నుండి విధానం

1548లో మెస్సీనాలో కళాశాల తెరిచినప్పుడు జెసూట్లు పారిస్ క్రమాన్నే పాటించారు. 1599 నాటి రేషియో స్టుడియోరుమ్ అనే విద్యాప్రణాళిక తరగతుల క్రమాన్ని, పునశ్చరణను నిర్దేశించింది. పేద విద్యార్థిని ధనికునితో సమానంగా చూడాలని ఉపాధ్యాయులను ఆదేశించింది. ఆరంభంలో ఈ కళాశాలలు దాతల నిధులతో ఉచితంగా బోధించాయి; నేటి ఫీజులను చూసి ఆ మాట అనలేం. ఈ విద్య సంస్కరణోద్యమాన్ని ఎదుర్కొనేందుకు కూడా ఉపయోగపడింది. పాపు అధికారం, పూజాబలి విషయాల్లో మన భేదాలు నేటికీ ఉన్నాయి. వాటిని దాచనక్కరలేదు.

5. ముగింపు

మన పెద్దల భయం సిద్ధాంతం గురించి. కానీ మా మిత్రుడు కథోలికుడు కాలేదు; చదువు మానేశాడు. మనం నష్టపోయింది ఆ విధంగానే. విద్యార్థిని కూల్చేవి మూడని ఇగ్నేషియస్ జీవితం చూపుతోంది: పునాది లేమి, డబ్బు లేమి, తోడు లేమి. ఈ మూడింటికీ సంఘమే సమాధానం చెప్పాలి. ఇంటర్ తరువాత వేసవిలో ఇంగ్లీషు తరగతులు నడపవచ్చు. కోతకాలపు కృతజ్ఞతార్పణలో కొంత విద్యార్థుల నిధికి తీయవచ్చు. అదే పట్నంలో చదివిన విశ్వాసితో కొత్త విద్యార్థిని జతచేయవచ్చు. పౌలు గమలీయేలు పాదాల వద్ద నేర్చుకున్నాడు. నేర్చుకున్నది పోగొట్టుకోలేదు, క్రీస్తుకు లోబరచాడు. మన పిల్లలు కూడా అలా చేయగలరు. సెలవులకు వచ్చిన విద్యార్థిని కాపరి మొదట అడగవలసిన ప్రశ్న, "బాబూ, పాఠాలు అర్థమౌతున్నాయా?"