చమురును హరించు సముద్రపు బాక్టీరియా

అడ్డతీగల పరిసరపు కొండలలో కురిసిన వాన వాగులై ఏలేరులో చేరి, తుదకు బంగాళాఖాతమును కలియును. కావున కొండసీమ విద్యార్థికి సముద్రము పరాయిది కాదు. ఆ సముద్రగర్భమునుండి మనము చమురును తోడుకొనుచున్నాము. నాటి తూర్పు గోదావరి జిల్లా తీరమునకు ఎదురుగానున్న రవ్వ క్షేత్రమున 1987లో చమురు కనుగొనబడెను. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారి లోతునీటి క్షేత్రమునుండియు చమురు రాసాగెను. ఇట్టి చమురు సముద్రములో ఒలికినచో ఏమగును?

తేలికభాగము కొంత ఆవిరియగును. మిగిలినది తెట్టెవలె తేలుచు, ఒడ్డుకు కొట్టుకొనివచ్చును. కాని అందులో అధికభాగమును క్రమముగా తినివేయు జీవులు సముద్రముననే కలవు. సముద్రపు అడుగున పగుళ్లనుండి చమురు లక్షలాది సంవత్సరములుగా ఊరుచున్నది. దానినే ఆహారముగా చేసికొన్న బాక్టీరియా అచ్చటనే వృద్ధిపొందినవి.

ముడిచమురు ఒకే పదార్థము కాదు; కర్బనము, ఉదజని కలిసిన అనేక సమ్మేళనముల మిశ్రమము. బాక్టీరియా తమ ఎంజైములచే ఈ అణువులకు ప్రాణవాయువును జతచేయును. అణువు మొదట ఆల్కహాలుగను, పిదప కొవ్వు ఆమ్లముగను మారును. ఆ ఆమ్లము జీవకణములో తునకలై, కొంత బాక్టీరియా శరీరమున కలియును. కొంత బొగ్గుపులుసు గాలిగను, నీరుగను మారిపోవును. కుంకుడురసము జిడ్డును విడదీయునట్లు, కొన్ని బాక్టీరియా తాము స్రవించు పదార్థముచే చమురును సన్నని బిందువులుగా చేయును. సూటి గొలుసుల అణువులు త్వరగా నశించును. వలయాకారపు అణువులు ఆలస్యముగను, తారువంటి భాగము మిక్కిలి ఆలస్యముగను నశించును.

ఈ విజ్ఞానము ఒక్కనాడు వచ్చినది కాదు. 1906లో హాలెండు శాస్త్రజ్ఞుడు సోంగెన్, మీథేను వాయువును ఆహారముగా గొను బాక్టీరియాను వేరుచేసెను. 1946లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన జోబెల్, హైడ్రోకార్బనులను వినియోగించుకొను సూక్ష్మజీవులు నేలయందును నీటియందును విరివిగా కలవని సమీక్షించి చూపెను. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అను ఓడ ఇంగ్లండు తీరమున రాతికి తగిలి, లక్ష టన్నులకు పైగా చమురు ఒలికినది. దానిని పోగొట్టుటకు చల్లిన డిటర్జెంట్లు తీరపు ప్రాణులకు చమురుకంటె ఎక్కువ కీడు చేసినవి. అప్పటినుండి ప్రకృతి స్వయముగా చేయు పనిమీద శాస్త్రజ్ఞుల దృష్టి మరింత నిలిచెను.

అమెరికాలో పనిచేసిన భారతీయ శాస్త్రజ్ఞుడు ఆనందమోహన్ చక్రవర్తి, పలు హైడ్రోకార్బనులను విచ్ఛిన్నము చేయు బాక్టీరియాను రూపొందించెను. 1980 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు అట్టి జీవికి పేటెంటు ఇయ్యవచ్చునని తీర్పు చెప్పెను. కాని ఆ బాక్టీరియాను సముద్రముపై ఒలికిన చమురుమీద ప్రయోగింపనేలేదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి చమురు ఒలికినపుడు కొత్త జీవులకు బదులు, తీరమున నత్రజని, భాస్వరము గల ఎరువులను చల్లిరి. పలుచోట్ల చమురు త్వరగా తగ్గెను. జీవులు అక్కడనే ఉన్నవి. వాటికి కొరవడినది పోషకమే! 1998లో ఉత్తరసముద్రమున దొరకిన ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ అను జాతి వివరింపబడెను. శుభ్రమైన నీట బహు అరుదుగానుండు ఈ జీవి, చమురు ఒలికినంతనే మిక్కుటముగ పెరుగును.

మన తీరమునకు సమీపముననే 2017 జనవరి 28న, చెన్నైకి ఉత్తరమున ఎన్నూరువద్ద రెండు ఓడలు ఢీకొనినవి. చిక్కని ఇంధనతైలము తీరమును నల్లబరచెను. తెట్టె ఎటు కదలునో హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము లెక్కగట్టి తెలిపెను. జనులు బకెట్లతో బురదను ఎత్తిరి. సేకరించిన బురదను బాక్టీరియాచే శుద్ధిచేయు పద్ధతిని ఇండియన్ ఆయిల్ సంస్థ చేపట్టెను. మత్స్యకారుల వలలు, పీతలు, చేపలు బాక్టీరియా పనిముగియువరకు ఆగజాలవు గదా.

ఇదియే ఈ చరిత్రలోని ముఖ్యమైన పాఠము. బాక్టీరియా పని నిజమే, కాని నెమ్మదియైనది. ప్రాణవాయువు లేనిచోట ఇంకను మందగించును. కోరింగ మడ అడవులవంటి మెత్తని బురదలో చమురు ఇంకినచో, అది ఏండ్ల తరబడి నిలిచియుండగలదు. అచ్చట పుట్టి పెరుగు రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు అంత గడువు ఉండదు. కావున ఒలుకకుండ కాపాడుట మొదటిపని. ఒలికినదానిని వెంటనే ఎత్తివేయుట రెండవపని. మిగిలినది మాత్రమే సూక్ష్మజీవుల పాలు.

చమురును తిను బాక్టీరియా సముద్రమునకే పరిమితము కాదు. మన కొండల మట్టిలోను వాటి బంధువులు కలవు. అయినను లారీనుండి కారిన పాతనూనెను వాగులో పారబోయుటకు అది అనుమతిపత్రము కాదు. ఆ వాగు చేరునది ఏలేరునకు, ఏలేరు చేరునది సముద్రమునకు.