చేయి వణకక ముందే పార్కిన్సన్స్‌ను గుర్తుపట్టడం ఎలా?

పార్కిన్సన్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బాక్సర్ ముహమ్మద్ అలీ. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగిస్తున్నప్పుడు ఆయన చేయి వణకడం ప్రపంచమంతా చూసింది. కానీ ఆయనకు ఈ జబ్బు ఉందని డాక్టర్లు చెప్పింది 1984లోనే. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. అంటే ఇది ముసలివాళ్లకే వచ్చే జబ్బు కాదు.

ఎందుకు వస్తుంది?

మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉండాలి. దాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చనిపోవడమే పార్కిన్సన్స్. వణుకు కనిపించేసరికే ఆ కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయి. కొందరికైతే వణుకే రాదు. అందుకే ముందు వచ్చే చిన్న చిన్న మార్పులను ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి.

ఇవి గమనించండి

* అత్తరు, పోపు వాసన కూడా తెలియకపోవడం
* నిద్రలో కేకలు వేయడం, కాళ్లూ చేతులూ విసరడం
* ఎంతకీ తగ్గని మలబద్ధకం
* చేతిరాత చిన్నదైపోవడం, బ్యాంకులో సంతకం కలవకపోవడం
* నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, ఆ పక్క భుజం పట్టేయడం
* గొంతు తగ్గిపోవడం, ముఖంలో నవ్వు కనిపించకపోవడం
* గుండీలు పెట్టుకోవడానికి, సజ్దా నుంచి లేవడానికి ఎక్కువ టైం పట్టడం

వీటిలో ఒక్కటి ఉన్నంత మాత్రాన పార్కిన్సన్స్ అనుకుని భయపడొద్దు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం న్యూరాలజిస్టును కలవండి.

డాక్టర్ ఏం చూస్తారు?

మామూలు రక్తపరీక్షతో ఇది తేలదు. డాక్టర్ నడిపించి, వేళ్లు ఆడించమని, రాయమని చెప్పి చూస్తారు. స్కాన్ రాసేది ఎక్కువగా వేరే జబ్బు లేదని తేల్చుకోవడానికే. వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. వాంతులకు, తలతిరుగుడుకు, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా ఇవే లక్షణాలు వస్తాయి. నిద్రలో కేకలు వేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.

ముందే తెలిస్తే లాభమేంటి?

పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా లెవోడోపా వంటి మందులతో, రోజూ వ్యాయామంతో చాలామంది ఏళ్ల తరబడి తమ పనులు తామే చేసుకోగలుగుతున్నారు. ఈ మందులు టైం ప్రకారం పడాలి. కాబట్టి రంజాన్‌కు ముందే రోజాల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా మందు ఆపడం ప్రమాదం.

అబ్బా నడక మందగించినా, దాదీ మాట వినిపించకపోయినా "వయసైపోయింది" అని వదిలేయకండి. ఒకసారి చూపించండి.