ఎలెక్టివ్ ఎంచుకునే ముందు సీనియర్‌ని అడుగుతాం కదా... ఆ అలవాటు చరిత్ర ఏంటో తెలుసా?

ఈ రోజు ఎపిసోడ్ యుద్ధాల గురించి కాదు, రాజుల గురించి కాదు. ఒక గూగుల్ షీట్ గురించి.

2017లో నేను బీటెక్ మూడో సంవత్సరం. నోటీస్ బోర్డు మీద ఎలెక్టివ్స్ లిస్ట్ పెట్టారు, ఐదు సబ్జెక్టులు. నాకు ఇన్ఫర్మేషన్ రిట్రీవల్ సిస్టమ్స్ కావాలి. ఎందుకంటే గూగుల్ లోపల ఎలా వెతుకుతుందో తెలుసుకోవాలని అప్పట్లో పిచ్చి. సాయంత్రానికి సెక్షన్ గ్రూప్‌లో సీఆర్ పోల్ పెట్టాడు. రాత్రి పదికల్లా రిజల్ట్ వచ్చేసింది. గెలిచింది ఇంకో సబ్జెక్ట్. కారణం ఒక్కటే: "ఆ సార్ ఇంటర్నల్స్‌లో చెయ్యి ధారాళం అన్నా" అని ఎవరో సీనియర్ చెప్పాడట. సరిపోయినంత మంది లేరు కాబట్టి నా సబ్జెక్ట్ ఓపెన్ కాలేదు. పేపర్ మీద ఐదు ఆప్షన్లు, చేతిలో ఒక్కటి. మీలో చాలామందికి ఇది కొత్త కథేం కాదు, నాకు తెలుసు.

ఆ కోపంతోనే ఫైనల్ ఇయర్‌లో ఒక షీట్ మొదలుపెట్టా. సబ్జెక్ట్ పేరు, ఎవరు చెప్తారు, ఇంటర్నల్స్ ఎలా, అటెండెన్స్ ఎలా, చివర్లో ఒక్క లైన్ రివ్యూ. జూనియర్స్‌కి పనికొస్తుందని. అందులో నేను రాసిన ఒక లైన్ గురించి చివర్లో చెప్తా. ముందు చరిత్రలోకి వెళ్దాం. ఎందుకంటే, నేనేదో కొత్తగా కనిపెట్టా అనుకున్నది జనం వందేళ్ళుగా చేస్తున్నారని తర్వాత తెలిసింది.

అసలు "ఎలెక్టివ్" అన్నదే ఒకప్పుడు లేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా కాలేజీల్లో చేరితే లాటిన్, గ్రీకు, లెక్కలు, అందరికీ ఒకటే భోజనం. థామస్ జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా యూనివర్సిటీ 1825లో తెరిచినప్పుడు, ఏం చదువుకోవాలో విద్యార్థులే ఎంచుకునే వీలిచ్చారు. కానీ అది చాలాకాలం ఒంటరి ప్రయోగంగానే ఉండిపోయింది.

అసలు మలుపు 1869. ఆ ఏడాది హార్వర్డ్‌కి చార్లెస్ ఎలియట్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ప్రెసిడెంట్ అయ్యాడు. వయసు 35. అంటే ఇవాళ మన ఐటీ కంపెనీలో మేనేజర్ వయసు! ఆయన నమ్మకం సింపుల్: పద్దెనిమిదేళ్ళు దాటినవాడికి తనకేం నచ్చుతుందో తనకి తెలుసు, వాడిని వదిలేయండి. ఒక్కసారిగా కాదు, నిచ్చెన మెట్లు దిగినట్టు చేశాడు. 1872లో చివరి సంవత్సరం వాళ్ళకి తప్పనిసరి సబ్జెక్టులు తీసేశాడు. 1879లో మూడో సంవత్సరానికి, 1884లో రెండో సంవత్సరానికి. ఆ తర్వాత మొదటి ఏడాది వాళ్ళకీ తగ్గించుకుంటూ వచ్చాడు. 1890లు గడిచేసరికి అక్కడ దాదాపుగా మిగిలిన కంపల్సరీ ఫస్టియర్ ఇంగ్లీష్ ఒక్కటే.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. 1885లో న్యూయార్క్‌లో ప్రిన్స్‌టన్ ప్రెసిడెంట్ జేమ్స్ మెకాష్ ఎలియట్‌కి ఎదురుగా నిలబడి బహిరంగంగా వాదించాడు. పిల్లలకి అన్నీ వదిలేస్తే కష్టమైనవి వదిలి తేలికైనవి ఏరుకుంటారన్నది ఆయన భయం. మా సెక్షన్ పోల్ చూసి ఉంటే మెకాష్ గారు కాలర్ ఎగరేసేవాడు.

నిజానికి ఆయన భయం ఉత్తిదేం కాదు. 1902 ప్రాంతంలో హార్వర్డ్ వాళ్ళే ఒక కమిటీ వేసి విద్యార్థుల్ని అడిగారు, వారానికి ఎంతసేపు చదువుతున్నారని. ప్రొఫెసర్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ అని తేలింది. ఆ కమిటీలో ఉన్న లారెన్స్ లోవెల్ 1909లో ఎలియట్ తర్వాత ప్రెసిడెంట్ అయ్యాడు. నలభై ఏళ్ళ ఫ్రీడమ్‌కి బ్రేక్ వేసి కొత్త రూల్ తెచ్చాడు: ఒక రంగంలో లోతుగా కొన్ని కోర్సులు, మిగతావి వేరే వేరే రంగాల్లోంచి. ఎక్కడో విన్నట్టుంది కదా? మన ప్రొఫెషనల్ ఎలెక్టివ్, ఓపెన్ ఎలెక్టివ్ గుర్తొస్తున్నాయా? వాళ్ళని చూసే మనవాళ్ళు పెట్టారని నేను అనట్లేదు, కానీ ఆలోచన మాత్రం దగ్గర చుట్టమే.

సో, ఎంచుకునే హక్కు వచ్చింది. హక్కు వచ్చిన వెంటనే ఇంకో ప్రశ్న పుట్టింది: ఎంచుకోవడం ఎలా? కేటలాగ్‌లో అన్ని కోర్సులూ బంగారమే. పెళ్ళి సంబంధాల బయోడేటా లాంటిది అది, అందులో ఎవరికీ కోపం రాదు. కాబట్టి పిల్లలే రంగంలోకి దిగారు. 1925లో హార్వర్డ్ విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ ఒక కాన్ఫిడెన్షియల్ గైడ్ వేసింది. ఏ కోర్స్ ఎలా ఉంది, ఏ ప్రొఫెసర్ ఎలా చెప్తాడు, మొహమాటం లేకుండా. నా గూగుల్ షీట్‌కి ముత్తాత అన్నమాట. ఇంకో రెండేళ్ళకి, 1927లో, పర్డ్యూ యూనివర్సిటీలో రెమ్మర్స్ అనే సైకాలజిస్ట్ టీచర్లకి మార్కులు వేసే స్కేల్ ఒకటి తయారుచేశాడు. సెమిస్టర్ చివర్లో మీరు కళ్ళు మూసుకుని అన్నింటికీ "ఎక్సలెంట్" కొట్టే ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంది చూడండి, దాని పూర్వీకుల్లో ఇదొకటి.

ఒక ముక్క గమనించండి. గైడ్ పిల్లలు పిల్లల కోసం రాసుకున్నది. స్కేల్ యాజమాన్యం వైపు నుంచి వచ్చింది. మన కాలేజీల్లో రెండోది మాత్రమే ఉంది. ఫారం నింపుతాం, అది ఎక్కడికి పోతుందో తిరుపతి హుండీలో వేసిన నాణెంలాగా మళ్ళీ కనబడదు.

1960ల్లో కథ వేడెక్కింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో దాదాపు 27 వేల మంది స్టూడెంట్స్. పెద్ద పెద్ద హాళ్ళలో లెక్చర్లు, ప్రొఫెసర్ మొహం దూరం నుంచి చూడటమే. అక్కడ స్లేట్ అనే విద్యార్థి సంఘం యూనివర్సిటీ కేటలాగ్‌కి పోటీగా సొంత సప్లిమెంట్ వేసింది. పైకి చూస్తే కోర్సుల రివ్యూలే. కానీ 1964 సెమిస్టర్ మొదట్లో వచ్చిన సంచికలో బ్రాడ్ క్లీవ్‌లండ్ అనే పూర్వ విద్యార్థి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. మీకు చదువు పేరుతో ఏం అమ్ముతున్నారో చూసుకోండి, తిరగబడండి అని దాని సారాంశం. ఆ అక్టోబర్ 1న క్యాంపస్‌లో పోలీసు కారుని విద్యార్థులు చుట్టుముట్టి 32 గంటలు కదలనివ్వలేదు. అదే ఫ్రీ స్పీచ్ మూవ్‌మెంట్. ఉత్తరం వల్లే ఉద్యమం వచ్చిందంటే అతిశయోక్తి అవుతుంది, క్యాంపస్‌లో రాజకీయ ప్రచారం మీద పెట్టిన నిషేధం అసలు కారణం. కానీ "ఈ కోర్స్ బాలేదు" అన్న మాట నుంచి "ఈ వ్యవస్థ బాలేదు" అన్న మాటకి దూరం ఎంత తక్కువో అక్కడ తెలుస్తుంది.

ఇంటర్నెట్ వచ్చాక సంగతి మీకు తెలిసిందే. 1999లో జాన్ స్వాప్‌సిన్‌స్కీ అనే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ (మనవాడే అన్నమాట, ఫీల్డ్ పరంగా) ఒక సైట్ పెట్టాడు. అదే తర్వాత రేట్ మై ప్రొఫెసర్స్ అయ్యింది. ఎంఎస్‌కి వెళ్ళిన మనవాళ్ళలో ఆ సైట్ చూడకుండా కోర్స్ తీసుకునేవాళ్ళు తక్కువ. ఆ సైట్‌లో ప్రొఫెసర్ అందంగా ఉంటే పక్కన మిరపకాయ బొమ్మ పెట్టేవారు. నిజం! 2018లో ఒక మహిళా శాస్త్రవేత్త ఇదేం పద్ధతని ట్విట్టర్‌లో గట్టిగా అడిగాక తీసేశారు. పంతొమ్మిదేళ్ళు పట్టింది.

నాకు బాగా నచ్చిన కథ మాత్రం యేల్‌ది. అక్కడ కోర్స్ ఫీడ్‌బ్యాక్‌ని స్టూడెంట్స్‌కి చూపిస్తారు, కానీ సార్ట్ చేసుకునే వీలుండేది కాదు. పీటర్ షూ, హ్యారీ యూ అనే అన్నదమ్ములు ఆ డేటానే తీసుకుని రేటింగ్, వర్క్‌లోడ్ ప్రకారం పక్కపక్కన చూపించే సైట్ కట్టారు. 2014 జనవరిలో, సరిగ్గా అందరూ కోర్సులు ఎంచుకునే వారాల్లో, యూనివర్సిటీ దాన్ని క్యాంపస్ నెట్‌వర్క్‌లో బ్లాక్ చేసింది. రేటింగ్ అంకెనే ముందు పెడితే మనుషులు రాసిన కామెంట్లు ఎవరూ చదవరు అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. అప్పుడు షాన్ హాఫ్లర్ అనే ఇంకో స్టూడెంట్ ఏం చేశాడో తెలుసా? ఒక క్రోమ్ ఎక్స్‌టెన్షన్ రాశాడు. డేటాని ఎక్కడా దాచదు, యేల్ పేజీ మీ బ్రౌజర్‌లో తెరుచుకున్నప్పుడు అక్కడికక్కడే లెక్కవేసి చూపిస్తుంది. ఇక బ్లాక్ చేయడానికి ఏ సర్వర్ ఉంది? నేను అది చదివినప్పుడు ఆఫీస్‌లో కుర్చీలోంచి లేచి విజిల్ వేద్దామనిపించింది.

ఇక్కడితో ఆపేస్తే "డేటా జిందాబాద్" అని హ్యాపీగా లేచిపోవచ్చు. కానీ కార్నెల్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక స్టూడెంట్‌కి వచ్చిన గ్రేడ్‌ని సరిగ్గా అర్థం చేసుకోవాలంటే ఆ క్లాస్‌లో మిగతావాళ్ళకి ఎంతొచ్చిందో తెలియాలి అని, 1998 నుంచి ప్రతి కోర్స్ మీడియన్ గ్రేడ్ ఆన్‌లైన్‌లో పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, గ్రేడ్లు ధారాళంగా ఇచ్చే కోర్సులకి జనం పెరిగారని తేలింది. 2011లో ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు. మా సీఆర్ పోల్‌కీ దీనికీ తేడా ఏంటి చెప్పండి? వాళ్ళది ఇంకాస్త అఫీషియల్, అంతే.

ఇప్పుడు నా లైన్ దగ్గరికొస్తా.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడమ్ ఉండేవారు. కొత్తగా చేరారు, వయసు మాకంటే ఐదారేళ్ళు ఎక్కువేమో. మొదటి నెల కాస్త తడబడ్డారు. షీట్‌లో ఆవిడ సబ్జెక్ట్ ఎదురుగా నేను రాసింది: "క్లాస్ కంట్రోల్ లేదు, స్లో, అవాయిడ్." అదే సెమిస్టర్‌లో ఒక సార్ బోర్డు వైపు తిరిగి టెక్స్ట్‌బుక్ అప్పజెప్పేవారు. ఆయనకి నేను రాసింది: "సబ్జెక్ట్ బాగా ఉంది, కొంచెం ఫాస్ట్." తర్వాత ఏడాది ఆ మేడమ్ ఎలెక్టివ్‌కి ఎవరూ పేరివ్వలేదు, వేరే సబ్జెక్ట్ ఇచ్చారు. అంతా నా లైన్ వల్లే అని చెప్పలేను. కానీ ఒక జూనియర్ నాకు మెసేజ్ పెట్టాడు, "థాంక్స్ అన్నా, నీ షీట్ మమ్మల్ని కాపాడింది" అని. అప్పుడు సంతోషపడ్డాను కూడా.

ఉద్యోగంలో చేరాక ఒక రీసెర్చ్ గురించి చదివా. నార్త్ కరోలినా స్టేట్‌లో ఒక ఆన్‌లైన్ కోర్స్. మొహం కనబడదు, గొంతు వినబడదు. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు, ఒక మగ, ఒక ఆడ. ఒక్కొక్కరూ ఒక గ్రూప్‌కి సొంత పేరుతో, ఇంకో గ్రూప్‌కి అవతలివాళ్ళ పేరుతో చెప్పారు. అసైన్‌మెంట్లు అందరికీ ఒకే సమయానికి దిద్ది ఇచ్చారు. టైమ్‌కి ఇచ్చారా అన్న ప్రశ్నకి, మగ పేరుకి ఐదుకి 4.35, ఆడ పేరుకి 3.55. చిన్న స్టడీయే, 43 మంది స్టూడెంట్స్, దీంతోనే ప్రపంచం మొత్తాన్ని తేల్చేయలేం. కానీ నేను లాప్‌టాప్ మూసేసి కాసేపు అలా కూర్చున్నా. ఎందుకంటే ఆ మేడమ్ రెండో నెల నుంచి ప్రతి క్లాస్ చివర్లో ఒక చిన్న ప్రోగ్రామ్ రన్ చేసి చూపించేవారు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన హ్యాషింగ్ ప్రశ్నకి ఆన్సర్ అక్కడే నేర్చుకున్నా. అది షీట్‌లో రాయలేదు.

మన దగ్గర 2015లో యూజీసీ ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ అమల్లోకి తెచ్చింది. ఛాయిస్ అన్న మాట పేరులోనే ఉంది. స్వయం ప్లాట్‌ఫామ్ కోర్సులకి క్రెడిట్ ఇచ్చే కాలేజీలైతే, క్లాస్‌లో సరిపడా మంది లేరన్న సమస్య కూడా కొంత తప్పుతుంది. మీ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ ఒకసారి తెరిచి చూడండి, ఎవరూ చూడరు అది. ఇక సీనియర్‌ని అడగండి, తప్పకుండా అడగండి. కానీ "ఈజీనా అన్నా?" అని కాకుండా, "ఆ సబ్జెక్ట్‌లో నీకిప్పటికీ గుర్తున్నది ఒకటి చెప్పు" అని అడగండి. ఏమీ గుర్తు లేదంటే అదే రివ్యూ. గుర్తుంటే, ఎవరు చెప్పారో అడగండి.

ఆ షీట్ ఇప్పటికీ ఉంది, నా తర్వాత నాలుగైదు బ్యాచ్‌లు నింపుతూ వచ్చాయి. పోయిన నెల వెతికి మరీ ఓపెన్ చేశా. ఎడిట్ యాక్సెస్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆవిడ పేరు ఎదురుగా నా లైన్ కింద ఎవరో తర్వాతి బ్యాచ్ వాళ్ళు రాశారు: "ఇది పాత రివ్యూ, పట్టించుకోకండి, ల్యాబ్‌లో మేడమ్ సూపర్." నా లైన్ డిలీట్ చేసేశా. వాళ్ళది అలాగే ఉంచా.