వాస్తవికత (డాక్యుమెంటరీ, కథాచిత్రములయందు)

చలనచిత్రకళయందు లోకస్థితిని విశ్వసనీయముగా చూపు గుణము. డాక్యుమెంటరీయందు ఇది యథార్థ వ్యక్తులను, స్థలములను చిత్రించుటవలనను, కథాచిత్రమునందు కల్పితపాత్రలకు సంభావ్యతను సమకూర్చుటవలనను సిద్ధించును. ఈ రెంటి నడిమి హద్దు అభేద్యము కాదు: రాబర్ట్ ఫ్లాహెర్టీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ (1922) డాక్యుమెంటరీలో కొన్ని ఘట్టములను నటింపజేసియే చిత్రించెను.

తెలుగున, అంతకుముందు డాక్యుమెంటరీలు తీసిన గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు నిర్మాతలలో నొకరుగా, తెలంగాణ రైతాంగ సాయుధపోరాటమును చిత్రించిన ‘మా భూమి’ (1979) కథాచిత్రమే యైనను, ప్రజాగాయకుడు గద్దర్ స్వయముగా తెరపై పాడుటచే సాక్ష్యబలమును పొందెను. అనంతరము నర్సింగరావు ‘మా ఊరు’ (1987) డాక్యుమెంటరీలో పల్లెజీవనమును, ‘దాసి’ (1988) కథాచిత్రమున దొర నివాసమైన గడీలో మ్రగ్గిన స్త్రీ వేదనను చూపెను. మొదటిదానికి ప్రమాణము కన్నులయెదుటి జీవనము. రెండవదానికి, ఏ కెమెరాయు ప్రవేశింపని గతమును సత్యముగా పునఃసృష్టించు దర్శకుని నిష్ఠ.