క్రూయిజర్ మోటారు సైకిలు (అమెరికన్ భారీ రకం)

సీటు కిందికి, హ్యాండిలు వెనక్కి, కాళ్లు ముందుకు ఉండేలా కట్టి, పడక కుర్చీలో చేరగిలబడ్డట్టు కూర్చుని నడిపే మోటారు సైకిలే క్రూయిజర్. అమెరికా లెక్కల్లో 601 సీసీ, ఆపై ఇంజన్ ఉన్నవన్నీ భారీ బళ్లే. పేరుపడ్డ క్రూయిజర్ల ఇంజన్లు అంతకు మూడింతలుంటాయి. తిన్నగా, విశాలంగా సాగే రోడ్ల కోసం పుట్టిన బండి ఇది. దీని సొగసూ ఇబ్బందీ రెండూ అక్కడి నుంచే వచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జి.మాడుగుల వైపు ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఆ రెండూ ఒకే మలుపులో బయటపడతాయి.

పుట్టుక, పేరు

ఇండియన్ సంస్థ 1901లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైంది. అమెరికన్ సంస్థ పేరు ‘ఇండియన్’ కావడం మనకు కాస్త తికమకే. ఆ మాటకు అక్కడి ఆదివాసులని అర్థం. హార్లీ-డేవిడ్‌సన్ 1903లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో పుట్టింది. అది 1909లో రెండు సిలిండర్లను 45 డిగ్రీల కోణంలో ‘వి’ ఆకారంగా అమర్చింది. పెద్ద బళ్లలో ఆ కోణం నేటికీ మారలేదు. పిస్టన్లు రెండూ ఒకే క్రాంక్‌పిన్‌కు తగిలి ఉంటాయి కాబట్టి మంటలు సమాన వ్యవధిలో అంటుకోవు. ఒకటి 315 డిగ్రీలకు, మరొకటి 405 డిగ్రీలకు అంటుకుంటాయి. కుంటి గుర్రం డెక్కల చప్పుడు లాంటి ఆ లయ అందుకే. యంత్రశాస్త్రం లెక్కన అది అవకరమే. ఆ అవకరాన్నే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవాలని సంస్థ 1994లో దరఖాస్తు పెట్టింది, 2000లో వెనక్కి తీసుకుంది. కొన్నవాళ్లు మాత్రం నేటికీ ముందు ఆ చప్పుడుకే డబ్బు పోస్తున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం హార్లీ దాదాపు 90 వేల డబ్ల్యూఎల్ఏ బళ్లు చేసింది. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలినవాటికి ఢిల్లీలో వెనక పెట్టె కట్టి, చాందినీ చౌక్ దారిలో జనాన్ని ఎక్కించుకుని తిప్పారు. ఆ ఫట్‌ఫటీలు 1998 దాకా నడిచాయి. విలాసానికి గుర్తుగా చెప్పుకునే ఈ బండి మన దేశంలో షేర్ ఆటో కొలువూ చేసింది.

1953లో ఇండియన్ మూతపడింది. ఆ పేరును 2011లో పొలారిస్ సంస్థ కొని మళ్లీ నిలబెట్టింది. హార్లీ 1969లో ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతికి పోయి, నాణ్యత దెబ్బతిని, 1981లో 13 మంది అధికారులు తిరిగి కొనుక్కునేదాకా తేరుకోలేదు. 1983లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బళ్ల మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచి దాన్ని కాపాడింది. జపాన్ కంపెనీలు ఊరుకోలేదు, ఇంజన్‌ను 699 సీసీకి కుదించి అమ్మాయి. 1990లో వచ్చిన హార్లీ ఫ్యాట్ బాయ్‌ని మరుసటి ఏడు ‘టెర్మినేటర్ 2’ సినిమాలో ష్వార్జెనెగర్ నడపడంతో అది ఊరూరా తెలిసిపోయింది.

తెలుగు నేలకు

భారీ క్రూయిజర్ మన దగ్గరికి వచ్చిన కథలో రోడ్ల కన్నా సుంకాల పాత్రే పెద్దది. 2007లో భారత్ 800 సీసీ దాటిన బళ్ల దిగుమతికి తలుపు తెరిచింది. అమెరికా మన మామిడిపళ్లకు తలుపు తెరిచింది. మామిడిపండు ఇచ్చి మోటారు సైకిలు తెచ్చుకున్నామన్న మాట అలా పుట్టింది. పన్నులన్నీ కలిసి ధరను దాదాపు రెట్టింపు చేసేవి కాబట్టి బళ్లు వెంటనే రాలేదు. 2010లో హార్లీ తొలి షోరూములు తెరిచింది, వాటిలో ఒకటి హైదరాబాద్‌లోని బంజారా హార్లీ-డేవిడ్‌సన్. 2011 నుంచి హర్యానాలోని బావల్‌లో విడిభాగాలు తెచ్చి బిగించారు. 2018లో సుంకం 50 శాతానికి దిగింది. అయినా 2020లో సంస్థ ఇక్కడి కర్మాగారం మూసి, అమ్మకాలను హీరో మోటోకార్ప్‌కు అప్పగించింది. ఆ రెండూ కలిసి 2023లో తెచ్చిన ఎక్స్440 ఒక్క సిలిండరు బండి, బరువు 190 కిలోల చిల్లర. పేరు హార్లీయే గానీ ఆ కుంటి గుర్రం మాత్రం అందులో లేదు. 2025 బడ్జెట్‌లో 1,600 సీసీ దాటిన దిగుమతి బళ్ల సుంకం 30 శాతానికి తగ్గింది. అదే ఏడు సెప్టెంబరులో 350 సీసీ దాటిన బళ్లన్నిటి జీఎస్టీ 40 శాతానికి చేరింది. ఓ చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకోవడమంటే ఇదే.

కొండ మీద

జి.మాడుగుల అంటే గంగరాజు మాడుగుల. హల్వాకు పేరుపడ్డ మాడుగుల ఇది కాదు. అది కొండ దిగువన ఉన్న వడ్డాది మాడుగుల. 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరుకూ చింతపల్లికీ మధ్య ఉంటుందీ మండలం. ఇక్కడి కొత్తపల్లి జలపాతానికీ, పక్కనే ఉన్న లంబసింగి చలికీ, పాడేరు దగ్గర వంజంగి మబ్బులకూ మైదానం నుంచి బైకుల మీద కుర్రకారు తరలివస్తారు.

ఎక్కుడు రోడ్డు మీద భారీ క్రూయిజర్‌కు ఒక మేలుంది. హార్లీ 1,868 సీసీ ఇంజన్ మూడు వేల తిరుగుళ్ల దగ్గరే బలమంతా ఇస్తుంది కాబట్టి మాటిమాటికీ గేరు మార్చే పని లేదు. వెనక మనిషీ సామానూ ఉన్నా గేరు దించకుండానే గట్టెక్కేస్తుంది. తిన్నని రోడ్డు మీద దాని బరువే దానికి నిలకడ; గాలికి జంకదు, గతుకుకు ఎగరదు.

మలుపు వస్తే కథ మారుతుంది. ఫ్యాట్ బాయ్ బరువు 317 కిలోలు. బుల్లెట్ 350 బరువు 195. ఫ్యాట్ బాయ్ వెనక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరం 1,665. బండిని పక్కకు వంచాలంటే ఒప్పుకోదు. పాతిక డిగ్రీలు దాటగానే ఫుట్‌బోర్డు తారును గీరుతుంది. హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా బస్సు దిగుతుంటే ఆ పాతిక డిగ్రీలు చాలవు. నేలకూ ఇంజన్ అడుగుకూ మధ్య జాగా 115 మిల్లీమీటర్లే. వానాకాలం గెడ్డలు పొంగి కంకర తేల్చిన చోట, ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకరు దగ్గర, ముందు అడుగే తగులుతుంది. గాలితో, నూనెతో చల్లబడే ఇంజన్‌కు పైకెక్కే నెమ్మది నడకలో గాలి చాలినంత అందదు, వెనక సిలిండరు వేడి తొడకు తగులుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండరులో మంట ఆపే ఏర్పాటు కొన్ని మోడళ్లలో పెట్టారు గానీ, ఘాట్ ఎక్కే బండి ఆగి ఉండదు కదా.

విడిభాగం పోతే పాడేరు మెకానిక్ ఏమీ చేయలేడు. నగరం నుంచి రావాల్సిందే. బండి ధరా ఇరవై లక్షలు దాటుతుంది. ఏజెన్సీలో మోటారు సైకిలు కాఫీ బస్తా మోస్తుంది, సంత సరుకు మోస్తుంది, రోడ్డు లేని ఊరి నుంచి డోలీలో మోసుకొచ్చిన రోగిని రోడ్డు మొదట్లో అందుకుంటుంది. ఆ పనికి బురదలో కూరుకుపోతే ఒక్కడే లేపుకోగలిగిన బండి కావాలి.

ఫ్యాట్ బాయ్‌కు రివర్స్ గేరూ లేదు. జలపాతం దగ్గర వాలుకు ముఖం పెట్టి ఆపితే, తిరిగి వెళ్లేటప్పుడు వెనక్కి లాగడానికి మరో ఇద్దరు కావాలి. తెలిసినవాళ్లు దిగువకు వెనక చక్రం పెట్టి ఆపుతారు.