గోళ్ళు చెప్పే ఆరోగ్య చరిత్ర

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్నారు. ఆ భాగ్యం తరుగుతున్న సంగతి ఒక్కోసారి మన గోళ్ళే ముందుగా చెబుతాయి. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. ఛాతీలో చీము పట్టిన రోగుల గోళ్ళు వంపు తిరగడాన్ని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు గుర్తించాడని చెబుతారు.

అరబ్బులు గ్రీసును యూనాన్ అన్నారు. యునానీ వైద్యానికి ఆ పేరు అలా వచ్చిందే. 1025 ప్రాంతంలో ఇబ్నె సీనా పూర్తిచేసిన 'అల్ ఖానూన్' గ్రంథం నబ్జు (నాడి), ఖారూరా (మూత్రం) చూసి రోగం కనిపెట్టే పద్ధతిని వివరించింది. ఆ విద్య హకీం సాబుల ద్వారా మన దాకా వచ్చింది. హైదరాబాదు చార్మినారు దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రి, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల ఆ పరంపరలోనివే. రోగి ఒంటిని శ్రద్ధగా చూడటం ఆ హకీములకూ, నేటి డాక్టర్లకూ తొలిమెట్టే.

1976లో దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రాత్ తన జబ్బులో తన వేళ్ళనే గమనించి ఒక తేలిక పరీక్ష చెప్పాడు. రెండు చేతుల ఒకే వేళ్ళ గోళ్ళను ఎదురెదురుగా ఆనిస్తే మధ్యన డైమండు ఆకారంలో చిన్న సందు కనబడాలి. అది మూసుకుపోయి ఉంటే ఊపిరితిత్తులు, గుండె చూపించుకోవాలి.

గోళ్ళు పాలిపోయినా, స్పూనులా గుంటపడినా రక్తహీనత, ఇనుము లోపం ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. పెళ్ళికీ పండుగకూ మన ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకుంటారు. అరచేతి ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది గానీ, గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి గోటి ఎరుపు నెలల తరబడి ఉండి, కింద పాలిపోయిన సంగతిని కప్పేస్తుంది. గోరింటాకు మానమని మేము అనడం లేదు. అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి, రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గకూడదు.

అలాగని ప్రతి మచ్చకూ హడలిపోనక్కర్లేదు. తెల్లచుక్కలు ఎక్కువగా చిన్న దెబ్బల వల్ల వచ్చేవే. మన నూజివీడు తోటల్లో మామిడి సొన తగిలి నల్లబడితే అది పైమరకే. దెబ్బ తగలకుండా ఒకే గోటిమీద నల్లచార పుట్టి వెడల్పవుతుంటే మాత్రం ఆలస్యం చేయరాదు.

శుక్రవారం గోళ్ళు తీసుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ రోజున ఇంటిల్లిపాది గోళ్ళూ ఒక్క నిమిషం చూసి, అనుమానం వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.